మిణుగురుల గూడు

వాగు ఒడ్డున ఈతచెట్టుకు ఓ కుర్ర గిజిగాడు ప్రాణంపెట్టి గూడు అల్లాడు. లోపల తడిమట్టితో మిణుగురుల్ని కూడా అద్దాడు. గూడు నచ్చితేనే ఆడపిట్ట పెళ్లికి ఒప్పుకోవడం గిజిగాళ్ల ఆచారం మరి.

ఓ ఆడపిట్ట వచ్చింది. మిణుగురుల వంక చూడనైనా లేదు. గూటికి తలకిందులుగా వేలాడి మూడుసార్లు గుంజింది.

"ముడి వదులుగా ఉందయ్యా. పడమట మబ్బు చూశావా?"

"చూశాను. అచ్చం నీ కళ్లలాగే..."

"కళ్ల సంగతి తర్వాత. గుడ్లు పెట్టేది నేను. ముడి బిగించు."

ఆ గొంతు ఎంత తియ్యగా ఉందో అనుకుంటూ అతను రెండురోజులు ఈతమట్ట మీదే కూర్చున్నాడు. ఆమె పక్క మట్టకున్న మరో గిజిగాడి బోసి గూడు గుంజి చూసి, అందులో కాపురం పెట్టేసింది.

వారానికి గాలివాన వచ్చింది. మిణుగురుల గూడు ఊడి వాగులో పడింది.

ఆమె తల బయటపెట్టింది. "ఏమయ్యో, వానలో నిలబడి ఏం చూస్తున్నావ్?"

"నా ఇల్లు. ఎంత అందంగా వెళ్తోందో చూడు!"

"అందంగానే ఉంది," అంది ఆమె, గుడ్ల మీద సర్దుకుంటూ.