ఎడమవైపు గుర్షా

"గట్టిగా కొరకండి గాషే."

వుబ్‌షెత్ నీలం కాగితాన్ని కొరికి, నోరు తెరిచాడు. పెద్ద వయసు మగవాళ్ళందరినీ 'గాషే' అనే పిలిచే పళ్ళ డాక్టర్ హిరుత్ లైటు దగ్గరకు లాక్కుని చూసింది. ఎడమ దవడ పళ్ళ మీద ముదురు నీలం మచ్చలు. కుడివైపు పళ్ళకు రంగే అంటలేదు. నెల క్రితం ఎలా ఉన్నాయో ఇప్పుడూ అంతే.

"మళ్ళీ ఎడమవైపే నములుతున్నారు."

"అలవాటు తల్లీ."

"లారీ నడిపినవారు మీరు. సరుకంతా ఒక పక్కే ఎక్కిస్తే ఏమవుతుంది?"

"కమాన్ కట్టలు విరుగుతాయి." మెడకు చుట్టుకున్న ఆకుపచ్చ అంచు ఆడశాలువాను సర్దుకున్నాడు. "డ్రైవరుకే బండి నేర్పుతున్నావు."

"నేర్చుకోరుగా మరి. ఎడమవైపు కట్టిన మీ పళ్ళ బ్రిడ్జికి వెనక ఆధారం చివరి పన్ను ఒక్కటే. దానికి సన్నగా చీలిక పట్టింది. ఇలాగే బరువు పడితే రెండు ముక్కలవుతుంది. ఆ తర్వాత నేను కట్టడానికి అక్కడ ఏమీ మిగలదు. కుడివైపు కూడా నమిలితే బరువు పంచుకుంటుంది."

"నా చేతిలో ఉందా అది? అస్కాలె నాకు ఎడమవైపు కూర్చుంటుంది. ఆమె చేత్తో పెట్టే గుర్షా అటునుంచే నోట్లోకి వస్తుంది. నలభై ఏళ్ళుగా అంతే. ఇప్పటికీ చెయ్యి అటే పోతుంది."

హిరుత్‌కు నవ్వొచ్చింది. పెళ్ళాం ప్రేమగా చుట్టి పెట్టే ముద్దలకు పన్ను చీలుతుందని ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. దెస్సే ఊరికి బదిలీ మీద వచ్చి ఎనిమిది నెలలు. మధ్యాహ్నం డబ్బాలోని ఇంజెరా రొట్టెను కిటికీ దగ్గర నిలబడే తినేస్తుంది. ఈ ఎనిమిది నెలల్లో ఆమె నోటికి ముద్ద అందించిన చెయ్యి లేదు.

"అయితే ఆవిడనే కుడివైపుకు మారమనండి."

"నెల నుంచి చెబుదామనే చూస్తున్నాను. నోరు రావడం లేదు."

"పెళ్ళామంటే అంత భయమా?"

"నువ్వు ఆమెను చూడలేదు."

"పోనీ, నేనే వచ్చి చెబుతాను. మేం మేం తేల్చుకుంటాం."

వుబ్‌షెత్ శాలువా అంచును వేళ్ళతో నిమిరాడు.

"ఆదివారం రా. కాఫీ కాస్తాను."

"మీరు కాస్తారా? అదృష్టవంతురాలు మీ ఆవిడ."

అతను కుర్చీ దిగాడు.

ఆదివారం హిరుత్ కిలో పంచదార పొట్లంతో ఆ ఇంటి తలుపు తట్టింది. వుబ్‌షెత్ కూజాతో నీళ్ళు వంచి ఆమె చేతులు కడిగించాడు. గది మధ్య బుట్టబల్ల మీద ఒకే పళ్ళెంలో ఇంజెరా, పైన వేడివేడి షిరో, శనగపిండి కూర. చుట్టూ మూడు పీటలు. అతను మధ్య పీట మీద కూర్చుని, కుడివైపు పీట ఆమెకు చూపించాడు. ఈసారి అతని మెడ బోసిగా ఉంది.

"అమ్మ వంటింట్లో ఉన్నారా గాషే?"

"లేదు. ఇక్కడే."

వుబ్‌షెత్ పళ్ళెం వంకే చూస్తూ, గొంతు తగ్గించి అన్నాడు.

"చెప్పు తల్లీ. నావల్ల కాలేదు. నువ్వు చెబితే వింటుందేమో."

హిరుత్ ముందుకు వంగి అతనికి ఎడమవైపు చూసింది.

పీట మీద ఆకుపచ్చ అంచు శాలువా ఒక్కటే మడతపెట్టి ఉంది.