కచేరీలో కురిసిన వాన

“కరువు పనులు పెట్టరమ్మా. శుక్రవారం మీకు రెండంగుళాల వాన కురిసింది గదా!” అన్నాడు తాలూకా కచేరీ గుమాస్తా శేషగిరిరావు.

ఓబుళమ్మ నివ్వెరపోయింది. రాళ్లు కొట్టే పనైనా పెడితే పిల్లలకు ఇంత గంజి పోయొచ్చని ఆశపడి వచ్చిందామె.

“యాడ కురిసిందప్పా?”

“అదిగో, వాన కొలిచే రాగిపాత్ర. అందులో చూసే రాసినా.”

ఓబుళమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. శుక్రవారం ఆడవాళ్లంతా కప్పతల్లిని రోకలికి కట్టుకొని, వాన కోసం ఇల్లిల్లూ తిరుగుతూ కచేరీకీ వచ్చారు. ఆ పాత్ర సర్కారువాళ్ల వానదేవుడని ఎవరో అంటే, చెంబెడు నీళ్లు పోసి మొక్కింది తనే.

“అది వాన కాదు సామీ, నేను చేసిన అభిషేకం!” అని లెంపలేసుకుంది.

గుమాస్తా గొంతు తగ్గించాడు. “రెండంగుళాలని మద్రాసుకు తంతి పోయింది. ఈ నెల వాన పడుతుందని సిమ్లాలో వాన లెక్కలు కట్టే దొరలు ముందే చెప్పినారు. ఇప్పుడు పడలేదంటే నా కొలువు పోతుంది.”

“అట్లయితే పిల్లోళ్లను ఈడికే తోలుకొస్తా సామీ,” అంది ఓబుళమ్మ. “వాన పడింది ఈడనే గదా, పంటా ఈడనే పండుతుంది. సంగటి నువ్వే పెడుదువు.”