రేకు పడవా, ఫైబర్ పడవా?

వారం రోజులుగా రాయిస్ టిడ్‌వెల్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. శనివారం గంటర్స్‌విల్ సరస్సులో బాస్ చేపలు పట్టే పోటీ. అందులో నెగ్గితేనే రాష్ట్ర పోటీకి పిలుపు వస్తుంది. పడవ మాత్రం ఇంకా కొననే లేదు.

ఈసారి తప్పితే ఇక లేదు. వచ్చే ఏడు ఈ పోటీకి వయసు ఒప్పుకోదు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు కానీ, భోజనాల దగ్గర అందరి మనసులోనూ అదే.

పోయినేడు బావమరిది హోయ్ట్ ఫైబర్ పడవ అరువిచ్చాడు. ఆ రోజు పెద్ద చేపలన్నీ సరస్సులో కలిసే వాగు మలుపులో దాక్కున్నాయి. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయిన చెట్ల మొద్దులు అక్కడ నీళ్ళ కింద నిండా ఉంటాయి. ఏ మొద్దుకో కొట్టుకుని పడవ పగిలితే? పరాయి సొమ్ము కదా. రాయిస్ వెనక్కి తిప్పేశాడు. సాయంత్రం తూకంలో ఒక్క చేప తక్కువైంది, రాష్ట్ర పోటీ చేజారింది. అప్పటి నుంచీ అతనికి నిద్రలో కూడా ఆ మొద్దులే కనిపిస్తున్నాయి.

అందుకే ఈసారి సొంత పడవ కావాలనుకున్నాడు. స్కాట్స్‌బరోలో పాత పడవలు అమ్మే చోట రెండు నచ్చాయి. ఒకటి ఫైబర్‌ది, రెండోది అల్యూమినియం రేకుది. పక్కపక్కనే ఉన్నాయి. రాయిస్ ఒకదాన్ని తడిమి రెండోదాని దగ్గరికి వెళ్తాడు, మళ్ళీ మొదటిదాని దగ్గరికి వస్తాడు. అమ్మేవాడికి విసుగు పుట్టి ఆవలింతలు మొదలయ్యాయి.

ఫైబర్‌ది బరువైనది. అలల్ని కోసుకుంటూ పరుపు మీద కూర్చున్నంత హాయిగా పోతుంది, కానీ మొద్దు తగిలితే పగులుతుంది. రేకుది తేలిక. మోకాలి లోతు నీళ్ళలోకి కూడా దూరిపోతుంది, మొద్దు తగిలినా సొట్టతో సరిపెడుతుంది. అయితే గాలి లేచిందంటే మాత్రం ప్రతి అల దెబ్బా సరాసరి వెన్నులోకి వచ్చి తగులుతుంది.

రాయిస్ వెన్ను మామూలు వెన్ను కాదు. ఇళ్ళకు పైకప్పులు వేసే పనిలో ఉండగా నిచ్చెన మీంచి పడ్డాడు. వెన్నులో ఇప్పుడు స్క్రూలున్నాయి. కుదుపులు వద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

సలహా ఇవ్వడానికని వెంట వచ్చిన హోయ్ట్ రేకు పడవను వేలితో టంగుమనిపించాడు.

“ఇది పడవా బావా, వంటగిన్నె. అయినా దీంట్లో కంటే నీ నడుములోనే ఇనుము ఎక్కువుంది. రెండూ కలిసి అలల్లో ఎగిరితే ఊరంతా వినపడుద్ది.”

అమ్మేవాడు కూడా అందుకున్నాడు. ఈ వయసులో మీకు ఫైబరే సుఖమండీ అన్నాడు. ఆ మాటకు రాయిస్ ముఖం ముడుచుకుంది.

కూతుళ్ళిద్దరూ, కవలలు డెల్లా, రెన్, ట్రక్కు వెనక పలక మీద కాళ్ళాడిస్తూ ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తింటున్నారు. రేకుదే తీసుకోమని ఇద్దరూ ఒకే గొంతుతో అన్నారు. మొద్దుల్లోకి పోకుండా పెద్ద చేపలు ఎక్కడి నుంచి వస్తాయని రెన్ అడిగింది.

“మీకేం, మీ నడుములు కొత్తవి,” అన్నాడు రాయిస్.

ఏదీ తేల్చకుండానే ఇంటికొచ్చాడు. మర్నాడు పనిలో మేకుకు బదులు బొటనవేలిని కొట్టుకున్నాడు. భోజనం ముందు కూర్చుని రొట్టెను పొడి పొడి చేశాడు గానీ ఒక్క ముక్క నోట్లో పెట్టలేదు. ఫైబర్‌ది ఖాయం అంటాడు. గిన్నె కడిగేలోపు రేకుదే ఖాయం అంటాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది అతని వరస.

చివరికి భార్య వెర్నా ఓపిక నశించి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“ఒక్కటి చెప్పు. పోయినేడు పోటీ పోయింది నీ నడుము వల్లా, నీ భయం వల్లా?”

రాయిస్‌కి సిగ్గేసింది. తెల్లారగానే వెళ్ళి రేకు పడవను ట్రక్కుకు తగిలించుకొచ్చాడు.

శుక్రవారం పరీక్షకని దాన్ని నీళ్ళలోకి దింపాడు. గాలి కాస్తే ఉంది. అయినా ఇంటికొచ్చాక ట్రక్కు దిగలేకపోయాడు. వెర్నా, హోయ్ట్ చెరోవైపూ పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. హోయ్ట్ ఈసారి వెక్కిరించలేదు. ఇప్పటికైనా నా ఫైబర్‌ది తీసుకెళ్ళు బావా అని బతిమాలాడు. పగిలినా ఏమీ అనుకోనన్నాడు.

“వద్దు. పగుల్తుందేమోనని మళ్ళీ వెనక్కి తిప్పేస్తాను. నా సంగతి నాకు తెల్సు,” అన్నాడు రాయిస్.

శనివారం పొద్దున్నే ఉత్తరపు గాలి లేచింది. సరస్సు మీద తెల్లటి నురగలు. రేవులో పడవలన్నీ బారు తీరాయి. రాయిస్ నడుముకు పట్టీ బిగించి కట్టుకుని, పంటి బిగువున స్టీరింగు ముందు కూర్చున్నాడు. డెల్లా, రెన్ కూడా లైఫ్ జాకెట్లు వేసుకుని ఎక్కారు. మొద్దుల వాగు ఎంత దూరమో, దారిలో ఎన్ని అలలో అతనికి బాగా తెలుసు. అయినా వారం తర్వాత మొదటిసారి అతని కాళ్ళు కుదురుగా ఉన్నాయి.

ఇంజన్లు మోగుతుండగా, ఏటా చదివే నిబంధన మైకులో మళ్ళీ వినిపించింది: ఇది హైస్కూలు పిల్లల పోటీ, పడవ నడపడానికి వచ్చిన తల్లిదండ్రులు సాయంత్రం తూకం ముగిసేదాకా గేలం ముట్టుకోకూడదు.