వడ్రంగిపిట్ట చెక్కిన మాట

డేగ పెత్తనం పడలేక పిట్టలన్నీ ఏకమై దాన్ని అడవి దాటించాయి. సభ పెట్టుకుని, ఇకమీదట అందరూ సమానమేనని, ఎవరి గూడు వాళ్ళదేనని మద్దిచెట్టు మీద రాయించాలనుకున్నాయి. ఆ పని వడ్రంగిపిట్టకు అప్పజెప్పాయి.

అది ముక్కుతో చెక్కుతుంటే బెరడులోంచి ఒక పురుగు తల బయటపెట్టింది.

"అక్కా, నా ఇల్లు కూలిపోతోంది. ఏం రాస్తున్నావు?" అంది.

"ఎవరి గూడు వాళ్ళదేనని."

"మరైతే నా గూడు నాదేగా?"

వడ్రంగిపిట్ట చెక్కడం ఆపింది. "నిన్ను సభకు పిలిచారటే?" అంది.

పురుగు లేదంది.

"అయితే ఈ అందరిలో నువ్వు లేవులే" అని దాన్ని మింగి, మిగతా అక్షరాలు చెక్కేసింది.

ఆ రాత ఇప్పటికీ చెట్టు మీద ఉంది. మిగిలిన పురుగులు ఆ అక్షరాల గుంటల్లోనే కాపురముంటున్నాయి. పుట్టిన ప్రతి పిల్లకూ ముందుగా దాన్నే చదవడం నేర్పుతున్నాయి.