నెలాఖరు చీటీలు

"కృతజ్ఞత చీటీ ఖాళీగా ఉంచావేంటమ్మా?" నెలాఖరు ఆరాధనకు ముందు, చర్చి మెట్ల మీద మామయ్య అడిగారు.

కొత్త కోడలు తల వంచుకుంది. నెలాఖరున అందరూ ఆ నెల సంతోషాలకు కృతజ్ఞతలు ఒక చీటీలో, దుఃఖాలు మరో చీటీలో రాసి చర్చి పెట్టెలో వేస్తారు. ఆమె దుఃఖాల చీటీ మాత్రం నింపింది.

"పెళ్ళయిన తొమ్మిదో రోజే అత్తయ్య పోయారు. ఇక పెళ్ళి సంతోషమని ఎలా రాయను మామయ్యా?"

"రాయాలి. ఆ తొమ్మిది రోజులూ నీకు తనే జడేసింది. టీ పెట్టడం కూడా రాని కోడలొచ్చింది, అన్నీ తనే నేర్పుకోవాలని వీధంతా చెప్పుకుని మురిసిపోయింది. అది దేవుడిచ్చింది కాదా?"

ఆమె కళ్ళు తుడుచుకుని రాసింది. పెట్టెలో వేద్దామని ఆయన కృతజ్ఞత చీటీ కూడా అందుకుంది. అదీ ఖాళీయే.

"నీకు చెప్పినంత తేలిక కాదమ్మా," అన్నారు మామయ్య. "స్తోత్రమని రాయబోతే చెయ్యి కదలట్లేదు. ఈ నెలకి నాదీ నువ్వే రాసిపెట్టు."