పెరగనివ్వని వైపు

"నువ్వు ఆల్చిప్పలోంచి తీసిన రసం పాత్రలోని రాతి స్ఫటికాన్ని పెరగనివ్వడం లేదు. పారబోసి బల్ల ఖాళీ చెయ్యమ్మా," అన్నారు ప్రొఫెసర్.

"పారబొయ్యను సార్." పరిశోధక విద్యార్థిని గాజుపాత్రకు అడ్డం నిలబడింది.

"మొండికేస్తే రాయి పెరుగుతుందా? కొలిమిలో పెట్టు, చచ్చినట్టు పెరుగుతుంది."

"ఆల్చిప్ప ఏ కొలిమి పెట్టుకుని ముత్యం చేసిందండీ? చన్నీళ్ళలోనే చేసింది!"

రోషంగా మైక్రోస్కోపు మీదికి వంగింది. స్ఫటికం ఎత్తు పెరగలేదు. పక్కలకు మాత్రం పలచటి రేకులా పరుచుకుంది, అచ్చం ఆల్చిప్ప లోపలి మెరుపు పొరలా. ఇన్నాళ్ళూ తను ఎత్తు మాత్రమే కొలిచింది.

"మీరన్నది నిజమే సార్, పైకి పెరగనివ్వడం లేదు. ఆల్చిప్ప చేసేదీ అదే! రాయి ఎలాగూ పెరుగుతుంది. ఆల్చిప్ప దాన్ని అక్కర్లేని వైపు ఆపుతుంది, అంతే."

ఆయన కూడా వంగి చూశారు. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఈ ముక్క ముందే ఏడవొచ్చుగా?"

"మీరు తిట్టాకే తెలిసింది సార్," అంది, పాత్ర మీద చెయ్యి తియ్యకుండానే.