గట్టుకోడి

ఏటి నడుమ లంకకు ఒక కోడి అవతలి గట్టు నుంచి పడవలో వచ్చింది. మూడేళ్ళుగా ఆ ఇసుకే గీరి తింటున్నా, లంక కోళ్ళకు అది ఇంకా "గట్టుకోడి"యే.

"పోనీ, నా పిల్లలనైనా మీలో కలుపుకుంటారా అత్తా?" అని గుడ్లు పొదుగుతూ లంకలోని ముసలికోడిని అడిగింది.

"వరదకు ముందు ఎర్రనీరొస్తుందిగా, దాన్ని గుర్తుపడతాయేమో అప్పుడు చూద్దాంలే," అని నవ్వింది ముసలికోడి.

ఆషాఢంలో నీరు ఎర్రబడింది. సాయంత్రపు ఎండేమో అనుకుని గట్టుకోడి అక్కడే నిలబడిపోయింది. పిల్లలు మాత్రం లంక కోళ్ళకంటే ముందే మెరకెక్కేశాయి.

"ఇవి మనవే!" అంది ముసలికోడి.

తల్లి గుండె పొంగింది. అంతలో చిన్నపిల్ల పైనుంచి అరిచింది. "వరదొస్తోంది, త్వరగా ఎక్కు గట్టుకోడీ!"

"అమ్మా" అంటుందేమోనని ఒక్క క్షణం ఆగి, తడికాళ్ళతో తల్లి మెరకెక్కింది.